మడి ముదిరితే

మొదట కాలి బొటనవేలు.
రాత్రి రెండు గంటలప్పుడు, ఏ దెబ్బా తగలకుండానే,
ఎవరో నిప్పుకణిక తెచ్చి
వేలి మొదట్లో పెట్టి ఊదినట్టు.

ఫ్యాను ఆపమన్నా.
గాలి తగిలినా ఓర్చుకోలేదది.
గడప దగ్గర మనవరాలు గెంతితే
ఆ అదురు నా కాలికొచ్చి కొట్టింది.
"బెణికిందేమోలేయ్యా" అంది వెంగమ్మ.
బెణకడానికి నేను నడిచిందెక్కడ?
ఆ పగలంతా తూము కాడ కూర్చునే ఉంటిని.

ఇస్కపల్లి ఉప్పుమళ్లలో నలభై ఏళ్లు దిగిన కాళ్లు.
పగుళ్లలో చవుడు మండినా కిమ్మనని కాళ్లు.
ఇప్పుడొక వేలు
దొండపండులా నిగనిగలాడుతూ
ఇంటిల్లిపాది మీదా పెద్దరికం చేస్తా ఉంది.

ఆముదపాకు వెచ్చజేసి కట్టారు.
అల్లూరు మందుల షాపు కుర్రోడు
రంగురంగుల బిళ్లలు పొట్లం కట్టిచ్చాడు.
నాలుగోనాటికి చల్లారింది.
చల్లారింది గదా అని మరిచిపోయా.
మూడు నెలలకు అప్పులోడి మాదిరి మళ్లీ వచ్చింది,
ఈసారి మోకాలిని కూడా సాక్ష్యానికి తెచ్చుకుని.

కావలిలో ముంతాజ్ డాక్టరమ్మ
మోకాల్లోంచి సూదితో నీరు తీసింది.
మజ్జిగతేటలా మబ్బుగా ఉంది.
గాజుపలక మీద ఒక చుక్క వేసి
"రా రవణయ్యా, నువ్వే చూడు" అంది.
ఒక కన్ను మూసి చూశా.
సూదులు.
సన్నంగా, మొనదేలి, మెరుస్తా,
దబ్బనాల పెట్టె బోర్లా పడ్డట్టు.

"యూరిక్ యాసిడ్. నెత్తురులో ఎక్కువైతే
కీళ్లల్లో గడ్డకడుతుంది..."
ఆమె ఇంకా చెబుతానే ఉంది,
నాకు నవ్వొచ్చింది.
తల్లీ, ఈ పాఠం నాకా?
ముదిరిన నీళ్లు గింజ కట్టక ఏం చేస్తాయి?
గొట్టం ముంచి చూస్తాం మేము,
ఇరవై ఐదు డిగ్రీలు దాటాయంటే
తెల్లారేసరికి గట్టు మూల తొలి పలుకు తేలుద్ది.
ఊరందరి కూరకూ ఉప్పు పండించినోణ్ణి,
నా తోలు కింద కూడా ఒక మడి పారుతుందని
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలా.

"మరి నేను తిన్న ఎండు రొయ్యలేనా?"
"అవి కొంత. వేట కార్జం కొంత. ఆదివారం బీరు కొంత.
అసలు సంగతి నీ మూత్రపిండాల్లో ఉంది,
పోవాల్సినంత బయటికి పోవడం లేదు."
తూము సన్నమన్నమాట.

రెండు రకాల బిళ్లలు రాసింది.
ఒకటి మంట ఆర్పడానికి.
ఇంకోటి మడి పలచన చెయ్యడానికి:
నొప్పి ఉన్నా, లేకపోయినా, రోజూ.
"పాత గింజ కరిగేటప్పుడు కూడా కుడుతుంది,
బెదిరి మానెయ్యబాక.
నీకిప్పుడు తొమ్మిదిన్నర ఉంది,
ఆరు లోపలికి దించాలి, దించి అక్కడే ఉంచాలి."

ఒకసారి మానేశా, దాచేదేముంది.
ఐదో నెల, కాలు దూదిలా ఉన్న రోజుల్లో.
రోగం లేనోడికి మందెందుకనుకున్నా.
ఆ వారం రామాయపట్నంలో బావమరిది ఇంట పెళ్లి,
పందిట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి మోసుకొచ్చారు నన్ను,
పెళ్లికొడుక్కంటే ముందు.

ఇప్పుడు వెంగమ్మ నెత్తళ్ల కుండ అటక ఎక్కించింది,
నీళ్ల చెంబు నా చేతికి అతికించింది.
మొన్న పరీక్షలో ఐదూ ముప్పాతిక.

ఒక్కటే గుర్తొస్తా ఉంటుంది.
మా నాయన కూడా ఇట్టనే కుంటేవాడు,
వాతమన్నారు, దిష్టన్నారు, సముద్రపు గాలన్నారు.
ఆయన చెవి అంచున తెల్లటి గింజ ఒకటి ఉండేది.
మళ్లోంచి వచ్చిన ఉప్పే అంటుకుందనుకుని
చిన్నప్పుడు తువ్వాలు తడిపి తుడవబోయేవాణ్ణి.
"ఉండనీరా, అది పోదు" అనేవాడు.

రాత్రి బిళ్ల మింగి, దీపం ఆర్పే ముందు
నా చెవి అంచు ఒకసారి తడుముకుంటా.